పొదుపు మరచిన బ్యాక్టీరియా

1994 సెప్టెంబరు మూడో వారం. సూరత్‌లో మందుల దుకాణాల ముందు గుమిగూడిన జనం అడుగుతున్నది ఒకే ఒక్క మందు, టెట్రాసైక్లిన్. ఆ నెల మొదట్లో తాపీ నది పొంగి పల్లపు వాడలను ముంచింది. నీరు తీసిన కొద్ది రోజులకే కతర్‌గామ్‌ను ఆనుకొని ఉన్న వేడ్ రోడ్డు వైపు నుంచి రోగులు ఆసుపత్రికి రావడం మొదలైంది. తీవ్రమైన జ్వరం, దగ్గు, కఫంలో రక్తం. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. అది ఊపిరితిత్తులకు సోకే ప్లేగు. రోగి దగ్గినప్పుడు చిందే తుంపరలతోనే పక్కవారికి అంటుకుంటుంది.

కతర్‌గామ్ చుట్టుపక్కల వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, మరమగ్గాల షెడ్లు బారులు తీరి ఉంటాయి. సౌరాష్ట్ర, ఒడిశా, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు ఒక్కో గదిలో కిక్కిరిసి బతికే కాలం అది. ప్లేగు అన్న మాట పొక్కగానే లక్షల మంది దొరికిన రైలు, దొరికిన బస్సు పట్టుకొని ఊరు విడిచారు. సూరత్‌లోనే కాదు, దూరాన ఉన్న ముంబయి, ఢిల్లీల్లో కూడా టెట్రాసైక్లిన్ దొరకడం గగనమైపోయింది. దేశం మొత్తం మీద మరణాలు 50 పైచిలుకు దగ్గర ఆగాయి. మందులేని రోజుల్లో ఊపిరితిత్తుల ప్లేగు సోకినవారు బతికి బట్టకట్టడం అరుదు అని గుర్తుంచుకుంటే, ఆ సంఖ్య అక్కడే ఆగడం వెనక మందు పాత్ర ఎంతో తెలుస్తుంది.

అసలు అది ప్లేగేనా అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆనాటి రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవుల డీఎన్ఏను పరిశీలించి, అవి ప్లేగు కారక బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిస్ అని ధ్రువీకరించారు.

ఆ రోజుల్లో సూరత్ జనం మింగిన మందులోని పసుపుపచ్చ పొడి కూడా బ్యాక్టీరియా సొమ్మే. ఒక బ్యాక్టీరియాను అణచడానికి మరో జాతి బ్యాక్టీరియా తయారుచేసిన రసాయనం అది. నేలలో బతికే ఆ సూక్ష్మజీవి తన మానాన తాను తయారు చేసుకునే మందు మాత్రం లెక్కలోకి రానంత కొంచెం. దానితో ఒక నగరం కాదు గదా, ఒక వీధిని కూడా కాపాడలేం. టన్నుల కొద్దీ మందు తీయాలంటే ఆ జీవి స్వభావమే మారాలి. ఆ స్వభావాన్ని మార్చే పనికి శాస్త్రవేత్తలు ఎన్నుకున్న దారి ఉత్పరివర్తనం, అంటే మ్యూటేషన్. సూక్ష్మజీవి జన్యువుల్ని కావాలని దెబ్బతీసి, ఆ దెబ్బతిన్న లక్షల్లోంచి మనకు పనికొచ్చే ఒక్కదాన్ని ఏరుకోవడం.

ఈ కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమండ్రిలో చదువుకొని, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ఆ పద్ధతి ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో ఇద్దరి పేరుతోనే స్థిరపడింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల పరిశోధన కూడా అక్కడిదే. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చినవే.

అదే లెడర్లీలో 70 దాటిన వయసులో ఉద్యోగంలో చేరిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు అప్పగించిన పని మట్టిని గాలించడం. పెనిసిలిన్ లొంగదీయలేని జబ్బులకు మందు ఇచ్చే సూక్ష్మజీవి ఎక్కడైనా దొరుకుతుందేమో చూడాలి. ఎన్నో చోట్ల నుంచి మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయంలోని శాన్‌బోర్న్ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో బంగారు పసుపు రంగు బ్యాక్టీరియా ఒకటి కనిపించింది. దాని సంకేతం ఏ-377, శాస్త్రీయ నామం స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. అది చేసే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948 జులైలో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అదే. మరుసటి నెలలోనే సుబ్బారావు 53 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తన విభాగం తెచ్చిన ఆ మందు ఎన్ని దేశాలకు చేరిందో ఆయన చూడలేదు. ఇంత పనిచేసిన మనిషి పేరు ఇవాళ్టి తెలుగు పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం బాధాకరమే.

స్ట్రెప్టోమైసిస్ చూపుకు బూజులా కనిపిస్తుంది. దారాల్లా అల్లుకొని, చివర్లలో సిద్ధబీజాలు పెడుతుంది. అయినా అది శిలీంధ్రం కాదు, అచ్చమైన బ్యాక్టీరియా. వాన పడగానే మట్టి నుంచి లేచే కమ్మని వాసన చాలావరకు దాని చలవే. దాని జన్యువుల్లో మందు తయారుచేసే సూచనలు ఉన్నాయి గానీ, వాటికి పగ్గాలూ ఉన్నాయి. తిండి పుష్కలంగా ఉన్నంతసేపు అది పెరుగుతుంది తప్ప మందు జోలికి పోదు. తిండి తగ్గి, ఎదుగుదల మందగించాకే మందు తయారీ మొదలుపెడుతుంది. ముఖ్యంగా పోషక ద్రావణంలో ఫాస్ఫేటు ఎక్కువైతే ఆరియోమైసిన్ తయారీ పడిపోతుంది. అందుకే ఈ పరిశ్రమలో ఫాస్ఫరస్ కొలత ప్రాణంతో సమానం. ఆ కొలతకే సుబ్బారావు తన యవ్వనంలో పద్ధతి కనిపెట్టాడన్నది ఆయన జీవితంలోని ఒక అందమైన కలయిక.

పొదుపు అన్నది సూక్ష్మజీవులకు చావుబతుకుల సంగతి. అవసరానికి మించి ఒక్క అణువు తయారుచేసినా అంత శక్తి వృథా. పక్కనున్న పొదుపరి జీవి ముందుకు దూసుకుపోతుంది. కోట్ల ఏళ్లుగా ప్రకృతి దుబారా చేసేవాటిని తుడిచిపెడుతూ వచ్చింది. కర్మాగారానికి కావలసింది సరిగ్గా ఆ దుబారా జీవే. ప్రకృతిలో బతకలేని లోపమే ఇక్కడ కావలసిన గుణం.

పొదుపును కాపాడే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడటానికి మందుల కంటే అమైనో ఆమ్లాల ఉదాహరణ తేలిక. లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకుందాం. మన శరీరం దీన్ని తయారు చేసుకోలేదు, తిండిలోనే దొరకాలి. వరి, జొన్న, మొక్కజొన్న మాంసకృత్తుల్లో ఇది తక్కువ. కోళ్ల దాణాలో మొక్కజొన్న ప్రధానం కాబట్టి లైసిన్‌ను విడిగా కలపకపోతే కోడిపిల్లలు సరిగా ఎదగవు. తెలుగు నేల మీది కోళ్ల ఫారాల్లో దాణా కలిపేవారికి ఈ తెల్లని పొడి బాగా పరిచయం. ప్రపంచం ఏటా ఇరవై లక్షల టన్నులకు పైగా లైసిన్ తయారు చేస్తుంది, అది దాదాపు అంతా బ్యాక్టీరియా పనే.

ఆ బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది కొరినెబ్యాక్టీరియం గ్లుటామికమ్. జపాన్‌లో క్యోవా హక్కో సంస్థకు చెందిన షుకుఓ కినోషితా బృందం 1950ల మధ్యలో దీన్ని మట్టి నుంచి వేరుచేసింది. బయోటిన్ అనే విటమిన్ చాలినంత అందనప్పుడు ఇది గ్లుటామిక్ ఆమ్లాన్ని బయటికి వదిలేస్తుందని వారు గమనించారు. వంటకాలకు రుచినిచ్చే అజినొమోటో పొడి అప్పటిదాకా గోధుమ జిగురు వంటి మాంసకృత్తుల నుంచి వచ్చేది. ఆ తర్వాత పులియబెట్టే తొట్లకు మారింది. లైసిన్ విషయంలో మాత్రం బయోటిన్ కిటుకు పారలేదు. లోపల లైసిన్ పేరుకోకుండా కణం గట్టి కాపలా పెట్టుకుంది.

ఆ కాపలా ఏమిటంటే, అస్పార్టిక్ ఆమ్లం అనే మూలపదార్థం నుంచి ఒక దారి బయలుదేరుతుంది. కొంత దూరం పోయాక అది రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ లైసిన్ వైపు, మరొకటి హోమోసెరిన్ మీదుగా త్రియోనిన్, మెథియోనిన్ల వైపు. దారి మొదట్లోనే అస్పార్టోకైనేజ్ అనే ఎంజైమ్ కూర్చుని ఉంటుంది. లైసిన్, త్రియోనిన్ రెండూ చాలినంత ఉన్నాయనుకోండి, అవి రెండూ కలిసి వచ్చి ఆ ఎంజైమ్‌కు అతుక్కొని దాని పనిని ఆపేస్తాయి. డాబా మీది నీళ్ల ట్యాంకులో నీటితోపాటు తేలే బంతి పైకి లేచి గొట్టాన్ని మూసేసినట్టే ఇది. ట్యాంకు నిండితే నీళ్లు రావు. బంతి విరిగితే ఆగకుండా వస్తూనే ఉంటాయి.

జపాన్ శాస్త్రవేత్తలు ఆ బంతిని విరిచారు, అదీ రెండు రకాలుగా. మొదటిది 1958 నాటిది. బ్యాక్టీరియాను అతినీలలోహిత కిరణాలకు గురిచేసి, హోమోసెరిన్ తయారుచేసుకోలేని మ్యూటెంటును, అంటే జన్యువు మారిన కణాన్ని, పట్టుకున్నారు. హోమోసెరిన్ లేకపోతే త్రియోనిన్ ఉండదు. బయటి నుంచి బొటాబొటిగా, కణం బతకడానికి సరిపడేంతే అందిస్తారు. ఎంజైమ్‌ను ఆపడానికి ఇద్దరూ కలిసి రావాలి, వారిలో ఒకరు లేరు. దాంతో అస్పార్టోకైనేజ్ విశ్రాంతి లేకుండా పనిచేస్తుంది. చీలిక దగ్గర రెండో దారి తెగిపోయింది కాబట్టి సరుకంతా లైసిన్ వైపే పారుతుంది. ఒక్క జన్యువు చెడితే రెండు పనులు కలిసొచ్చాయి.

రెండో పద్ధతి ఇంకా చమత్కారమైనది. లైసిన్‌ను పోలిన నకిలీ అణువు ఒకటుంది, ఎస్-అమినోఇథైల్ సిస్టీన్ అని. దాన్ని బ్యాక్టీరియాకు ఇస్తే, ఎంజైమ్ దాన్ని నిజమైన లైసిన్ అని భ్రమించి, త్రియోనిన్ కూడా ఉండటంతో తయారీ ఆపేస్తుంది. అసలు లైసిన్ లేక, నకిలీతో మాంసకృత్తులు కట్టుకోలేక కణం చస్తుంది. అలా పెంచిన గిన్నెలో కోట్ల కణాలు నశించినా ఎక్కడో ఒకటి రెండు మచ్చలు, అంటే కణాల గుంపులు, మొలుస్తాయి. అవి ఎలా బతికాయి? అస్పార్టోకైనేజ్ జన్యువులో ఒక అక్షరం మారి, ఆ ఎంజైమ్ నకిలీకి గానీ అసలుకు గానీ లొంగని మొండిది అయింది. అటువంటి కణం లైసిన్ ఎంత ఉన్నా ఇంకా చేస్తూనే ఉంటుంది. వెతికేవాడు ఒక్కొక్క కణాన్ని పరీక్షించే పనే లేదు. పనికిరానివి తమంతట తామే తప్పుకుంటాయి. సూక్ష్మజీవశాస్త్రంలో ఇంతకంటే తెలివైన వడపోత అరుదు.

మందుల విషయంలో ఇలాంటి దగ్గరి దారి చాలాసార్లు దొరకదు. ఎక్కువ టెట్రాసైక్లిన్ చేసే కణం ఎక్కువగా బతుకుతుందన్న నియమం ఏమీ లేదు. అక్కడ ఓపికే పెట్టుబడి. సిద్ధబీజాలను నీటిలో కలిపి అతినీలలోహిత దీపం కింద పెడతారు. ఆ కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్లను ఒకదానికొకటి అతికిస్తాయి. కణం ఆ అతుకును సరిచేసుకునే తొందరలో తప్పులు చేస్తుంది. ఆ తప్పులే మ్యూటేషన్లు. కొన్నిసార్లు దీపానికి బదులు నైట్రోసోగ్వానిడిన్ వంటి రసాయనాలు వాడతారు. అవి క్యాన్సర్ కారకాలు కాబట్టి చేతిలో పట్టేవారికి ప్రమాదమే. మోతాదు ఎలా ఉంటుందంటే, వందలో తొంభైకి పైగా, ఒక్కోసారి తొంభైతొమ్మిదికి పైగా కణాలు చావాలి. మిగిలిన ఒక్కొక్క కణం నుంచి ఒక్కొక్క గుంపు మొలుస్తుంది. వేల గుంపుల్ని విడివిడిగా పెంచి, ఒక్కోటి ఎంత మందు చేస్తుందో కొలుస్తారు. చాలావాటిలో దిగుబడి తగ్గుతుంది. కొన్నిట్లో మారదు. ఎప్పుడో ఒకటి కొద్దిగా పెరుగుతుంది. దాన్ని పట్టుకొని మళ్లీ దీపం కింద పెట్టాలి. ఇలా ఏళ్ల తరబడి.

ఈ పనిలోనే ఒక పెద్ద ఆవిష్కరణ ప్రమాదవశాత్తు బయటపడింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ అనే శాస్త్రవేత్త స్ట్రెప్టోమైసిస్ గ్రీసియస్ సిద్ధబీజాలను అతినీలలోహిత కిరణాలతో కొడుతూ ఉండేవాడు. ప్లేగు మీద పనిచేసే మరో మందు స్ట్రెప్టోమైసిన్‌ను ఇచ్చే జాతి అది. ఒకే మోతాదు ఇచ్చినా ఒకసారి చాలా బతికేవి, ఒకసారి దాదాపు అన్నీ చచ్చేవి. కారణం కోసం తల బద్దలు కొట్టుకుంటే తేలింది, మామూలు వెలుతురు తగిలితే చావబోయిన కణాలు కోలుకుంటున్నాయని. 1949లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. కణాలు తమ డీఎన్ఏను తామే బాగుచేసుకుంటాయన్న జ్ఞానానికి అది తొలి మెట్లలో ఒకటి. ఇప్పుడు మ్యూటెంట్ల కోసం పనిచేసేవారు కిరణాలు కొట్టాక గిన్నెల్ని చీకట్లో దాస్తారు. వెలుతురు పడితే కష్టమంతా వృథా.

మరో ఉపాయం సూరత్ వంటి బట్టల నగరానికి దగ్గరగా అనిపిస్తుంది. ఏదో ఒక పోషకం తయారు చేసుకోలేని మ్యూటెంటును పట్టాలంటే చిక్కు ఏమిటంటే, ఆ పోషకం లేని గిన్నెలో అది మొలవదు, మొలవనిదాన్ని ఏరుకోవడం ఎలా? 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు ఒక మఖ్‌మల్ గుడ్డను గుండ్రని దిమ్మె మీద బిగించి, బ్యాక్టీరియా మచ్చలున్న గిన్నె మీద అద్దారు. గుడ్డ నూగుకు ఒక్కో మచ్చ నుంచి కొన్ని కణాలు అంటుకున్నాయి. అదే గుడ్డను పోషకం ఉన్న కొత్త గిన్నెలో ఒకసారి, లేని గిన్నెలో ఒకసారి అద్దారు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో కనిపించని మచ్చ ఎక్కడుందో చూస్తే చాలు, కావలసిన మ్యూటెంట్ దొరికినట్టే. ఇంత సాదా పనిముట్టుతో ఇంత లోతైన శాస్త్రం సాధ్యమైంది.

మ్యూటెంట్లు దిగుబడి పెంచడానికే కాదు, కొత్త మందులకూ దారితీశాయి. ఆరియోమైసిన్ అణువులో ఒక క్లోరిన్ ఉంటుంది. 1950ల మొదట్లో ఫైజర్ సంస్థలో లాయిడ్ కోనోవర్ ఆ క్లోరిన్‌ను రసాయన చర్యతో తొలగించి టెట్రాసైక్లిన్ తయారు చేశాడు. ఆ తర్వాత తొట్టిలోనే నేరుగా టెట్రాసైక్లిన్ తీయడం సాధ్యమైంది. క్లోరిన్ తగిలించే మెట్టు చెడిన మ్యూటెంటుకు అణువులో ఆ ఒక్క అలంకారం చేయడం రాదు, మిగిలినదంతా వస్తుంది. 1957లో లెడర్లీలోనే మెక్‌కార్మిక్ బృందం ఆరియోఫేసియన్స్ నుంచి మరో మ్యూటెంటును సాధించింది. దానిలో మిథైల్ సమూహాన్ని తగిలించే మెట్టు చెడింది. ఆ లోపం వల్ల తయారైన డీమిథైల్ క్లోర్‌టెట్రాసైక్లిన్, అంటే డెమెక్లోసైక్లిన్, ఆమ్లంలో త్వరగా పాడవని గట్టి మందుగా బజారులోకి వచ్చింది. రక్తంలో సోడియం పడిపోయే ఒక హార్మోను సమస్యకు వైద్యులు తర్వాత దాన్ని ఉపయోగించారు. ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోయిన ఇలాంటి మ్యూటెంట్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే టెట్రాసైక్లిన్ అణువును కణం ఏ వరుసలో కడుతుందో కూడా బయటపడింది. లోపాలున్న జీవులు పాఠం కూడా చెప్పాయి.

ఏరుకున్న మ్యూటెంట్ గిన్నెలోంచి కర్మాగారానికి ఎలా వెళుతుందో ఒక మాట. శీతలంలో ఎండబెట్టి గాజు గొట్టాల్లో భద్రపరచిన కణాలే మూలవిత్తనం. వాటిని ముందు సీసాలో, తర్వాత చిన్న తొట్టిలో, ఆపైన ఇంకా పెద్దదాంట్లో పెంచి, చివరికి వేల లీటర్లు పట్టే ఉక్కు తొట్టిలోకి వంపుతారు. తిండి మొలాసిస్, మొక్కజొన్న నానబెట్టిన రసం, సోయా పిండి వంటివి. సూక్ష్మరంధ్రాల వడపోతలోంచి శుభ్రమైన గాలిని అడుగు నుంచి ఊదుతూనే ఉండాలి. పెద్ద రెక్కలు కలియబెడుతూ ఉండాలి. గాలి కొన్ని నిమిషాలు తగ్గినా దిగుబడి పడిపోతుంది. వేరే సూక్ష్మజీవి ఒక్కటి చొరబడినా తొట్టి మొత్తం పారబోయాల్సిందే. దుబారా మ్యూటెంట్ పొదుపరి చొరబాటుదారు ముందు నిలవలేదు. సున్నపురాయి పొడి వేయడం వల్ల ఆరియోమైసిన్ కాల్షియం లవణంగా అడుగున దిగుతూ ఉంటుంది, కణానికి తన విషం తనకే తగలడం తగ్గుతుంది.

అవును, తన విషం తనకూ ప్రమాదమే. టెట్రాసైక్లిన్ చేసే పని, బ్యాక్టీరియాలో మాంసకృత్తులు కట్టే రైబోజోమ్‌కు అతుక్కొని, అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఆర్ఎన్ఏను అక్కడికి చేరనీయకపోవడం. యెర్సీనియా పెస్టిస్ కూడా అలాగే ఆగిపోతుంది. మందు తయారుచేసే స్ట్రెప్టోమైసిస్‌కూ రైబోజోమ్ ఉంది గనుక, మందును బయటికి తోసేసే పంపులనూ, రైబోజోమ్‌ను కాపాడే మాంసకృత్తులనూ అది తయారుచేసుకుంటుంది. దిగుబడి పెరిగేకొద్దీ ఈ కవచమూ బలపడాలి, లేకపోతే జీవి తన మందుతోనే చస్తుంది. అందుకే కొందరు పరిశోధకులు ముందుగా టెట్రాసైక్లిన్‌ను ఎక్కువ మోతాదులో తట్టుకునే గుంపులనే ఏరి, వాటిలో దిగుబడి వెతుకుతారు.

ఇటువంటి రక్షణ జన్యువులు రోగకారకాల దగ్గరా ఉంటాయి. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద అవి ప్రయాణిస్తాయి. 1995లో మడగాస్కర్‌లో ఒక ప్లేగు రోగి నుంచి తీసిన యెర్సీనియా పెస్టిస్ టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్‌లతో సహా అనేక మందులకు లొంగలేదు. దానికి కారణం ప్లాస్మిడే. సూరత్ ప్లేగు 1994లో అటువంటి బ్యాక్టీరియాతో వచ్చి ఉంటే వేడ్ రోడ్డు, కతర్‌గామ్‌ల కథ వేరుగా ఉండేది. వేల మ్యూటెంట్లను ఏరి సాధించిన మందును అవసరం లేని జలుబుకు, సొంత వైద్యానికి మింగడం ఎంత అన్యాయమో ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

మంచి మ్యూటెంట్ దొరికినా పని పూర్తయినట్టు కాదు. తరం తరువాత తరం పెరుగుతూ ఉంటే దానిలోనూ కొత్త మార్పులు వస్తాయి. ఏదో ఒక కణంలో పాత పొదుపు తిరిగి వస్తుంది, అది వేగంగా పెరిగి తొట్టిని ఆక్రమిస్తుంది. దిగుబడి నెమ్మదిగా దిగుతుంది. అందుకే ప్రతిసారీ మూలవిత్తనం దగ్గరికే వెళ్లాలి, దాన్నీ అప్పుడప్పుడు మళ్లీ ఏరుకోవాలి. చండీగఢ్‌లో 1986 నుంచి పనిచేస్తున్న ఎంటీసీసీ వంటి జీవసేకరణ కేంద్రాలు ఈ వంగడాలను భద్రపరుస్తాయి. మన విశ్వవిద్యాలయాల విద్యార్థులు ప్రయోగాలకు తెచ్చుకునేది చాలావరకు అక్కడి నుంచే.

గుడ్డి దెబ్బల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఒక మంచి మార్పుతో పాటు ఎన్నో చెడు మార్పులు కూడా పేరుకుంటాయి. 40 ఏళ్లు దీపం కింద మాగిన వంగడం బోలెడు లైసిన్ చేస్తుంది గానీ నెమ్మదిగా పెరుగుతుంది, కొంచెం వేడెక్కినా నీరసిస్తుంది. కొరినెబ్యాక్టీరియం జన్యుక్రమం 33 లక్షల అక్షరాలుగా చేతికి వచ్చాక క్యోవా హక్కో శాస్త్రవేత్తలు ఒక పాత లైసిన్ మ్యూటెంటును దాని అడవి పూర్వీకుడితో పక్కపక్కన పెట్టి చదివారు. తేడాల్లోంచి పనికొచ్చే మూడింటిని మాత్రమే ఎంచుకున్నారు. హోమోసెరిన్ దారిని బలహీనం చేసేది ఒకటి, అస్పార్టోకైనేజ్‌ను మొండిదాన్ని చేసేది ఒకటి, మూలపదార్థపు రాకను పెంచేది ఒకటి. ఆ మూడింటినీ అడవి కణంలో తిరిగి పెడితే అది చురుకుగా పెరుగుతూనే లైసిన్ గుప్పించింది. 2002లో వెలువడిన ఆ పని, కళ్లకు గంతలు కట్టుకొని చేసిన అర్ధ శతాబ్దపు శ్రమ దేన్ని కనుగొందో అక్షరాల్లో చూపించింది.

మన దేశంలో ఈ పని తెలియనిది కాదు. పుణె దగ్గర పింప్రిలో 1954లో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వచ్చింది. సోవియట్ సహకారంతో రిషికేశ్‌లో ఐడీపీఎల్ యాంటీబయాటిక్స్ కర్మాగారం 1960ల చివర్లో పని మొదలుపెట్టి టెట్రాసైక్లిన్ కూడా తయారు చేసింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంస్థలు కునారిల్లాయి. చైనా నుంచి చవకగా వచ్చే పులియబెట్టిన మందుల ముందు ఇక్కడి తొట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. మాత్రలు, క్యాప్సూళ్లలో ప్రపంచానికి మందుల దుకాణం అనిపించుకున్న దేశం వాటిలోని మూలపదార్థానికి బయటివారి మీద ఆధారపడింది. 1994 నాటి గగ్గోలు వంటిది మళ్లీ వస్తే ఆ ఆధారం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు.

2020లో కేంద్రం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించి 41 మూలపదార్థాలను జాబితాలో పెట్టింది. పెనిసిలిన్-జి అందులో ఉంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కూడా ఉన్నాయి. కాకినాడ దగ్గర తొండంగి మండలంలో అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ ఏడాదికి 15,000 టన్నుల సామర్థ్యంతో కట్టిన పెనిసిలిన్-జి కర్మాగారం 2024లో మొదలైంది. పెనిసిలిన్ శిలీంధ్రం నుంచి వస్తుంది, బ్యాక్టీరియా నుంచి కాదు. అయినా ఎక్స్-కిరణాలతో, అతినీలలోహిత కిరణాలతో మ్యూటెంట్లను ఏరే పని పెద్ద ఎత్తున మొదలైంది దాని మీదే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. ఉక్కు తొట్లు, గాలి యంత్రాలు డబ్బు పెడితే దొరుకుతాయి. అత్యుత్తమ వంగడాన్ని మాత్రం ఏ పోటీదారూ అమ్మజూపడు, ఇచ్చినా వెనకబడినదాన్నే ఇస్తాడు. టెట్రాసైక్లిన్ తయారీ మళ్లీ ఇక్కడ నిలదొక్కుకోవాలంటే విశాఖలోనో, వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో ఒక ప్రయోగశాలలో కొందరు యువ పరిశోధకులు కొన్నేళ్లపాటు రోజూ వందల గిన్నెలు పరిచి, అతినీలలోహిత దీపం వెలిగించి, చీకట్లో దాచి, మొలిచిన ప్రతి మచ్చనూ కొలుస్తూ కూర్చోవాలి. ఆ పనికి జీతాలు, తీరిక, భరోసా ఇచ్చే ఏర్పాటు ఆ పథకం పక్కనే ఉండాలి.